అక్కాతమ్ముళ్ల జొన్నబీరు

మూడో సీసా పగిలిన చప్పుడుకు కింది వాటాలో ఉండే రంగమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఏంది భారతమ్మా, కుక్కరేమన్నా పేలిందా?" అని గుమ్మంలో నిలబడే అడిగింది.

భారతి నోరు తెరిచేలోపే చంద్రశేఖర్ ముందుకొచ్చాడు. "ఏం లేదక్కా, ఊరగాయ జాడీ జారిపడింది."

ఇల్లుగలామె కదా, రంగమ్మ లోపలికి ఒకసారి తొంగిచూసింది. గాలి పీల్చింది. "ఇడ్లీపిండి పొంగినట్ల వాసనొస్తాందే," అని, జవాబు కోసం చూడకుండా దిగిపోయింది.

పెళ్లయిన పదిహేనేళ్లలో భర్త నోట అబద్ధం వినడం భారతికి అదే మొదలు. గోనెగండ్ల హైస్కూల్లో ఆయన దగ్గర అబద్ధం చెప్పడానికి పిల్లలు కూడా జంకుతారు. ఆయన తలుపు గడియ పెట్టి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు.

ఆదివారం. పది కూడా కాలేదు. ఆదోని ఎండ అప్పుడే గోడల్లోకి దిగుతోంది. సామాన్ల గదిలో గచ్చు నిండా నురగ, నురగలో గాజు పెంకులు. బియ్యం డబ్బా మీద, పాత ట్రంకు పెట్టె మీద, కూతురి చిన్నప్పటి సైకిల్ మీద బంగారు రంగు చుక్కలు జారుతున్నాయి. భారతి చీర కొంగు బొడ్లో దోపుకుని పెంకులు ఏరుతోంది.

"ఇంకా ఎన్ని ఉండాయి?" వీపు తిప్పకుండానే అడిగాడు.

"పదైదు."

"పదైదు," అన్నాడు, హాజరుపట్టీలో రాసుకుంటున్నట్టు. "అవి గుడ్క పగుల్తాయా?"

"గ్యాస్ తీసేస్తే పగలవు. తొందరపడి ఏడో దినమే సీసాలకు పోసినాను. ఇంకా పొంగాల్సింది మిగిలుండాది. సీసాలు గుడ్క జ్యూసు సీసాలు, పల్చనివి."

"ఎన్ని దినాల నుంచి జరుగుతాంది ఇది?"

"శివరాత్రి ముందు నుంచి. ఇది రెండోసారి కాచింది. మొదటిది పుల్లగైపోయింది."

"రెండు నెల్లు," అన్నాడు చంద్రశేఖర్. అప్పుడు తిరిగాడు. ఆయన ముఖంలో కోపం ఉంటుందనుకుంది భారతి. కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "నేను బడికి పోతానే గోనెపట్ట పరిచి జొన్నలు మొలకేసేది, నేను వచ్చేలోగా సర్దేసేది. అంతేనా? నాకు సెప్పొచ్చుగదా భారతీ."

"సెప్తే వద్దంటావని."

"వద్దంటాను. ఏమిటికి అంటానో నీకు తెలుసు."

ఆమె ఇంకో పెంకు ఏరి చేటలో వేసింది.

"రేపు ఎవరన్నా ఎక్సైజోళ్లకు ఒగ ఫోను కొడితే ఏమైతాది? సైన్సు సారు ఇంట్లో సారా కాస్తాండారంట అని ఊరంతా అంటారు. బీరేంది, సారా ఏంది అని ఎవడూ అడగడు. నా ఉద్యోగం పోతాది. హాస్టల్లో ఉండే పిల్లకు ఏం సెప్దాం?"

"నేను అమ్మనీకి చేయలేదు బావా. తాగనీకి గుడ్క చేయలేదు."

"మల్ల ఏమిటికి చేసినావు?"

ఆ ప్రశ్నకు భారతి దగ్గర జవాబు ఉంది. అయితే అది చెప్పుకునే జవాబు కాదు.

చలికాలంలో అమ్మ ఉరుకుందమ్మ ఎమ్మిగనూరు నుంచి వచ్చి పది రోజులుంది. నీరసంగా ఉందంటే రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, మాల్టు పొడి చేద్దామని బాండలి పెట్టింది భారతి. మొలకరాగులు వేడెక్కి ఆ తీపి వాసన లేచేసరికి ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. రాగులు మాడిపోయేదాకా అలాగే నిలబడింది. పదమూడేళ్లుగా మూసిపెట్టిన తలుపు ఒకటి, ఎవరూ తోయకుండానే తెరుచుకుంది.

ఆ తలుపు అవతల బెంగళూరు, పీణ్యలో పదడుగుల గది. మాల్టు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో ఆమెకు ఉద్యోగం. వెనకాలే మోటార్లు చుట్టే పని వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు రామాంజి. బీరు ఎలా అవుతుందో ఆమె పుస్తకంలో చదివింది, ఫ్యాక్టరీలో చూసింది. ఇంట్లో చేసి చూద్దామన్నది వాడు.

"బార్లీతో ఎవడైనా చేస్తాడక్కా. మన జొన్నతో చేద్దాం," అన్నాడు.

ఊరి నుంచి తెచ్చుకున్న తెల్లజొన్నలు నానబెట్టి తడి గోనెపట్ట మీద పరిచేవాళ్లు. చంటిబిడ్డను చూసుకున్నట్టు వాడు గంటగంటకూ వాటిని తిరగేసేవాడు. మొలకలొచ్చాక మేడ మీద ఎండబెట్టి, ఆ మొలకలు రుద్ది రాల్చి, పిండిమరకు తీసుకుపోయి రవ్వగా ఆడించుకొచ్చేవాడు. మరవాడు అడిగితే సంగటికని చెప్పేవాడట. వేడినీళ్లలో ఆ రవ్వ పడిన అరగంటకు నీళ్లు తియ్యగా అయ్యేవి. ప్రతిసారీ వేలు ముంచి నాకి, మొదటిసారి చూస్తున్నట్టు అక్క ముఖంలోకి చూసేవాడు. మరిగించి, చేదుకు హాప్స్ పూలు వేసి, చల్లార్చి, ఈస్టు కలిపి నీళ్ల క్యానులో పోశాక వాడికి ఇక వేరే పనుండేది కాదు. క్యానుకు చెవి ఆనించి కూర్చునేవాడు.

"మాట్లాడతాంది అక్కా," అనేవాడు.

పండిన రోజున ఒక్క గ్లాసు తాగేవాడు. ఒక్కటే. ఇంకొంచెం పోసుకోరా అంటే, "రెండోది తాగితే మొదటిదాని రుచి మర్చిపోతాం," అనేవాడు.

అలాంటివాడు, తిరిగి ఊరికి వచ్చిన రెండేళ్లకు, మంత్రాలయం రోడ్డులో ఆగి ఉన్న పత్తి లారీని బండితో గుద్దుకుని పోయాడు. బార్లో తాగి ఉన్నాడన్నారు. మూడో రోజు పంచలో అందరి మధ్యా కూర్చుని మేనత్త ఉచ్చీరమ్మ అననే అంది, "అక్క నేర్పిన తాగుడు తమ్ముణ్ణి తినె," అని. ఎవరూ కాదనలేదు. అమ్మ తల వంచుకుని కూర్చుంది. అమ్మ ఆ మాట అనలేదు. కాదనీ అనలేదు. భారతి మోసిన బరువులో సగం అమ్మ అలా కాదనకపోవడానిదే.

"ఏమిటికి చేసినావంటే సెప్పవే," అన్నాడు చంద్రశేఖర్ మళ్లీ.

"వాసన కోసం," అంది ఆమె.

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. చూసి, చూపు నేలకు దించుకున్నాడు.

"భారతీ. అత్త వస్తాంది."

"ఎవరు? అమ్మా?"

"ఎమ్మిగనూర్లో తొమ్మిదిన్నర బస్సెక్కింది."

"ఈ పొద్దా? నాకు ఫోన్ చేయలేదే."

"నేను చేసినా. పొద్దున్నే, మొదటి సీసా పగిల్నప్పుడు."

భారతి చేతిలోని చేట కింద పెట్టింది. పెంకులు గలగలమన్నాయి.

"మా అమ్మకు సెప్పినావా?"

"నా మాట ఇనవు. ఆమె మాటైనా ఇంటావని..."

"మా అమ్మకు సెప్పినావా బావా? లోకంలో ఇంక ఎవరూ దొరకలేదా నీకు? ఎక్సైజోళ్లకే సెప్పొచ్చుగదా దాని బదులు. వాళ్లొస్తే జుల్మానా వేసి పోతారు."

"కోపంలో చేసినా. చేసినాక తెలిసింది ఎంత తప్పు చేసినానో. మల్ల చేసి వద్దని సెప్దామంటే, అప్పటికే బస్సులో కూర్చునుండాది."

"ఏమనె?"

"ఏమీ అన్లేదు. అంతా ఇని, వస్తాన్లే అని పెట్టేసె."

వీధిలో ఉల్లిగడ్డలవాడి మైకు దగ్గరకొచ్చి దూరమైపోయింది.

చంద్రశేఖరే లేచాడు. "పారబోసేద్దాం రా. ఆమె వచ్చేలోగా గది కడిగేద్దాం. నేను ఏదో పొరపాటు పడినానని సెప్తా. ఇంకో అబద్ధం. ఈ పొద్దు ఒగటాడినాను, రెండోది ఆడలేనా?"

భారతి చేతికి మందపాటి తువ్వాలు చుట్టుకుని, సీసాలు ఒక్కొక్కటే బాత్రూంలోకి తెచ్చింది. మూత సగం తిప్పితే బుస్సుమని గాలి పోయేది. కాసేపాగి పూర్తిగా తిప్పి, వంచేది. ఒకటి. రెండు. తూము దగ్గర తెల్లటి నురగ లేచి, మెల్లగా అణిగిపోయేది. నాలుగు, ఐదు. ఆమె ఏడవలేదు. రోజూ చేసే పనిలాగే చేసింది. ఆరో సీసా తనే తెచ్చి అందించబోయిన చంద్రశేఖర్ దాన్ని వదల్లేదు.

"ఇట్లియ్యి," అంది.

ఆయన మూత తనే తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వంటింట్లోకి పోయి స్టీలు గ్లాసు తెచ్చి, రెండు గుక్కలంత పోసి, బాత్రూం గుమ్మంలోనే నిలబడి తాగాడు.

"చేదెక్కువైంది," అన్నాడు.

"అపర్ణ పంపిన పొట్లంలో పూలన్నీ ఏసేసినా." అపర్ణ ల్యాబులో పాత స్నేహితురాలు. ఈస్టు, హాప్స్ పూలు రెండూ బెంగళూరు నుంచి ఆమే కొరియర్ చేసింది. "కొలత మర్చిపోయినా. ఇంతకు ముందు కొలత రామాంజి చూసుకుంటాండె."

"మన పెండ్లికి ముందు నేను పీణ్యకు వచ్చినప్పుడు వాడు నాకిచ్చింది ఇదే. ఇంతకంటే బాగుండె. నేను రెండో గ్లాసు అడిగితే ఇయ్యలేదు, బామ్మర్ది నాయాలు."

ఆ మాటకు భారతి నవ్వబోయింది. రామాంజి పేరు ఈ ఇంట్లో అలా మామూలుగా, బతికున్నవాడి పేరులా వినబడి ఎన్నేళ్లయిందో. నవ్వు సగంలోనే ఆగింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఆమె చేతికున్న తువ్వాలు విప్పాడు. అరచేతిలో చిన్న గాజుముక్క గీరిన చోట నెత్తురు చారిక ఉంది. దాన్ని తుడిచాడు.

అప్పుడే తలుపు చప్పుడైంది.

ఉరుకుందమ్మ అరవై దాటిన మనిషి. పొలం పనుల్లో ఎండిన ఒళ్లు, నూలు చీర, చంకలో ఒలిచిన వేరుశెనగ బుడ్డల సంచి. లోపలికి వచ్చి సంచి కింద పెట్టింది. కూతురి ముఖం చూడలేదు, అల్లుడి ముఖం చూడలేదు. గాలి పీల్చి నిలబడిపోయింది.

"నీళ్లు తాగత్తా," అన్నాడు చంద్రశేఖర్. "ఎండలో వచ్చినావు. నేను ఫోన్లో సెప్పింది..."

"యాడుండాది?"

ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆమె నేరుగా సామాన్ల గదికి పోయింది. మిగిలిన సీసాలను చూసింది. మూల మడిచి పెట్టిన గోనెపట్ట పక్కన గొంతుక్కూర్చుని, దాని మీద చెయ్యి పెట్టింది. పట్టకు ఇంకా రెండు ఎండు మొలకలు అంటుకుని ఉన్నాయి. గోటితో వాటిని గీకి తీసి అరచేతిలో వేసుకుంది.

"తెల్లజొన్నేనా?"

"ఊ," అంది భారతి గుమ్మంలోంచి.

"ఎన్ని పొద్దులు మొలకేసినావు?"

"మూడు."

"వాడు గుడ్క మూడే," అంది ఉరుకుందమ్మ. "చంద్రా, నువ్వు ఫోన్లో పారబోపిస్తానంటివి. పోసినారా?"

"ఐదు పోసినాం. మిగిల్నవి గుడ్క ఇప్పుడే..."

"వద్దు."

ఆమె గోడకు ఆనుకుని గచ్చు మీదే కూర్చుంది. తడి ఉందని భారతి చెప్పబోతే చేత్తో వారించింది.

"నా మాట మధ్యలో పట్టుకోవద్దండి. పట్టుకుంటే మల్ల సెప్పలేను," అంది. "రామాంజి సచ్చిపోయిన దినం, ఆ శుక్రవారం, మనింట్లో నీళ్లు పోసుకునే పెద్ద మట్టి రంజన్లో ఇదే పులుస్తాండె."

భారతి గుమ్మం పట్టుకుంది.

"జొన్నలు నానబెట్టింది నేనే. పట్టలు తడిపింది నేనే. వాడు కారఖానాకు పోతే తిరగేసేది గుడ్క నేనే. ఉగాదికి అక్క వస్తాదమ్మా, అక్కకు తెలీకుండా చేసి పెడదాం, అనె. రంజన్ తావ కూర్చుని చెవి పెట్టి ఇంటాండె. నన్ను గుడ్క ఇనమనె. ఇన్నా. ఆ శుక్రవారం మధ్యాన్నం ఉచ్చీరమ్మ వచ్చె. ఇల్లంతా వాసన. నీ కొడుకు సారా కాస్తాండాడు, ఇట్లాంటోనికి పిల్లనెవరిస్తారు, అని అంత మాటనె. నాకు తలకాయ తీసేసినట్లాయె. ఆమె అట్ల పోతానే రంజన్ ఎత్తి కాలవలో పారబోసినా. అంతా. గిన్నెడు గుడ్క మిగల్లేదు."

చంద్రశేఖర్ చేతిలో తువ్వాలు ఉండలా బిగుసుకుంది.

"వాడు వచ్చినాడు. రంజన్ చూసినాడు. అరిస్తే బాగుండు. ఏమిటికమ్మా, అనె. అంతే. బండి తీసుకుని పాయె. అంతకు ముందు వాడు బార్లో కాలు పెట్టింది నేనెరగను."

"అమ్మా," అంది భారతి.

"ఇంకా ఉండాది. మూడో దినం ఉచ్చీరమ్మ నిన్ను అంత మాటంటే తలకాయ ఎత్తలేదు నేను. ఎత్తితే నా ముఖంలో కనపడిపోతాదని. నిన్ను అంటాంటే, నా మీదికి రాలేదుగదా అనుకున్నా. కన్నతల్లిని, అట్లనుకున్నా. ఏటికేడు ఇదిగో ఈ ఏడు సెప్తా అనుకుంటి. నువ్వేమో అడగవు. పదమూడేండ్లాయె. ఈ పొద్దు చంద్ర ఫోన్లో పారబోపిస్తా అంటానే, ఇంక ఉండలేకపోతి."

ఆమె తలెత్తి కూతురిని సూటిగా చూసింది.

"ఇప్పుడు సెప్పు. నన్ను ఈడ ఉండమంటావా, రెండు గంటల బస్సుకు పొమ్మంటావా? నువ్వు ఏదంటే అది."

చంద్రశేఖర్ భార్య వైపు చూశాడు. అమ్మ నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలని ఆమె ఎన్ని రోజులు ఎదురుచూసిందో ఆయనకు తెలుసు. ఇప్పుడు వచ్చింది. భారతికి కోపం వస్తుందేమో, ఏడుస్తుందేమో అని ఆయన సిద్ధంగా నిలబడ్డాడు.

భారతి వచ్చి తల్లికి ఎదురుగా, ఆ తడి గచ్చు మీదే కూర్చుంది.

"మా, ఆ పొద్దు సాయంత్రం వాడు నాకు ఫోన్ చేసినాడు," అంది.

చంద్రశేఖర్ ఉలిక్కిపడ్డాడు. ఈ సంగతి ఆయనకూ కొత్తే.

"ఎత్తినాను. అక్కా, ఒగ మాట సెప్పాల అనె. ఇంట్లో చుట్టాలుండారు, వంట మీదుండాను, రేపు చెయ్యిరా అని పెట్టేసినా. నువ్వు పారబోసిన బాధలో చేసినాడేమో, ఇప్పుడు తెలుస్తాంది. నేను రెండు నిమిషాలు ఇనింటే వాడు బండి తీసేటోడు కాదు. నీ తప్పు కాదు మా. నేను ఇనలేదు."

ఉరుకుందమ్మ అరచేతిలోని మొలకలు కింద రాలిపోయాయి.

"ఎన్ని గంటలకు చేసినాడు?"

"ఆరుంబావుకు. ఫోన్లో ఆ టైము ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు."

"ఆరుంబావుకు వాడు ఇంకా కారఖానాలోనే ఉండాడు," అంది ఉరుకుందమ్మ నెమ్మదిగా. "ఇంటికి వచ్చేసరికి ఏడు దాటింది. వీధి లైట్లు ఏసినారు. నాకు బాగా గుర్తుంది. రంజన్ ఖాళీ అయిందని అప్పటికి వానికి తెలీదు."

పదమూడేళ్లుగా భారతి చెవుల్లో మోగుతున్న ఆ గొంతు మళ్లీ వినబడింది. అక్కా, ఒగ మాట సెప్పాల. అందులో ఏడుపు ఉందనే ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు ఎంత వెతికినా అందులో ఏడుపు దొరకలేదు. క్యానుకు చెవి ఆనించి, మాట్లాడతాంది అక్కా, అన్నప్పటి గొంతే అది.

"మల్ల వాడు," అంది తల్లి, కూతురి చెయ్యి పట్టుకుని, "నీకు ఏం సెప్పాలని చేసినాడు?"